ఫోటోలో పడని కాలు

మా వంటింట్లో అన్నిటికన్నా కిందున్న ప్రెస్‌ని నేను తెరిచి చాలా ఏళ్ళయింది. గోడకి బిగించిన అల్మరాని ఐర్లండ్‌లో ప్రెస్ అంటారు. వచ్చిన కొత్తలో ఆ మాటకి నవ్వుకున్నాను గానీ, ఇప్పుడు ఒంగోలు వెళ్ళినా నా నోట అదే వస్తుంది, మా అక్క నన్ను ఎగాదిగా చూస్తుంది. ఆ ప్రెస్ తెరవకపోవటానికి బద్ధకమే కారణమని ఇంట్లోవాళ్ళకి చెప్పాను. నిజానికి దాని కోసం మోకాళ్ళ మీద కూర్చోవాలి, కూర్చున్నాక మళ్ళీ లేవాలి. ఈ రెండో పని ఈ మధ్య నాకు అంత తేలిగ్గా కావటం లేదు. చలికి, అంతే. డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో పాతికేళ్ళుగా ఉంటున్నదాన్ని, చలి నాకు కొత్తేమీ కాదు. అయినా తప్పు చలిదేనని తేల్చేశాను. ఆసుపత్రిలో రోజూ పదిమంది మోకాళ్ళు చూసే నర్సుని, నా మోకాలి సంగతి నాకు తెలియదా అని ఒక ధీమా కూడా ఉండేది.

వంటిల్లు కొత్తగా చేయించాలని మావారు పట్టుబట్టటంతో ప్రెస్‌లన్నీ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. కిందిదాని పని మా అబ్బాయి జోయెల్‌కి అప్పగించాను. వాడికి పదహారేళ్ళు. ఇక్కడే పుట్టాడు. తెలుగులో ఏం తిట్టినా అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం డబ్లిన్ యాసలో ఇంగ్లీషులోనే ఇస్తాడు. నేల మీద బోర్లా పడుకుని, తల ప్రెస్‌లోకి దూర్చి, ఒక్కొక్కటే బయటికి తోశాడు. మూతల్లేని స్టీలు డబ్బాలు వచ్చాయి, డబ్బాల్లేని మూతలు వచ్చాయి, వంగిపోయిన ఇడ్లీ రేకులు వచ్చాయి. చివరికి అడుగున పరిచిన కాగితం కింద నుంచి అరచేతంత నలుపు తెలుపు ఫోటో ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"హూ ఈజ్ ద ఘోస్ట్, మామ్?" అన్నాడు.

"దయ్యం కాదురా, రూతమ్మ ఆంటీ."

"వేర్ ఈజ్ హర్ అదర్ లెగ్?"

వాణ్ణి తప్పుపట్టలేను. ఫోటోలో ఉన్నది పొడుగ్గా ఇరుకుగా ఉన్న ఒక వంటిల్లు. దాని మధ్యలో తెల్లటి పొగ. ఆ పొగకి చీర కుచ్చెళ్ళ లాంటి చారలు ఉన్నాయి, మొహం లేదు. స్పష్టంగా కనిపించేవి రెండే. ఒకటి, చెప్పు వేసుకున్న కుడి పాదం. రెండు, వంటగట్టు అంచుని గట్టిగా పట్టుకున్న చెయ్యి. ఆ చేతి గాజులు రెండూ లెక్కపెట్టవచ్చు. ఎడమ కాలు మాత్రం ఎక్కడా లేదు. ఇదే ప్రశ్న చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్దమనిషి నన్ను మర్యాదగా అడిగాడు. ఆ రోజుల్లోకి వెళ్ళటానికి నాకు ఆ ఒక్క చెప్పు చాలు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నర్సు ఉద్యోగానికి వచ్చి, రూతమ్మ ఆంటీ అద్దెకి తీసుకున్న ఇంట్లో ఒక గదిలో దిగాను. పక్క గదిలో నాలాగే నర్సు, విమల. ఆంటీకి అప్పుడు దాదాపు నాకిప్పుడున్న వయసు. తెనాలి వైపు మనిషి. ముసలివాళ్ళు ఉండే ఒక నర్సింగ్‌హోమ్‌లో కేరర్‌గా పనిచేసేది. లేవలేని వాళ్ళని లేపటం, నడవలేని వాళ్ళని నడిపించటం ఆవిడ పని. ఇంటికొచ్చాక మా ఇద్దరినీ లేపటం, నడిపించటం కూడా తన పనే అనుకునేది. ఉదయం ఐదున్నరకి ఆ ఇంట్లో కాఫీ వాసన లేచేది, దాని వెనకే ఆవాల తాళింపు, ఆ రెండిటి మధ్యలో నీలగిరి తైలం. మూడోది ఎందుకో మేము అడగలేదు. ఆంటీకి జలుబు తగ్గదు కాబోలు అనుకున్నాం.

ఆవిడ అలవాట్లు ఆవిడకుండేవి. మెట్లెక్కేటప్పుడు గొంతెత్తి దేవుడి పాట పాడేది. ఒక మెట్టు, ఒక ముక్క. మలుపు దగ్గర ఆగి పల్లవి రెండుసార్లు పాడేది. పైకొచ్చేసరికి మూడు చరణాలూ అయ్యేవి. అంత భక్తి మాకు లేనందుకు నేనూ విమలా సిగ్గుపడేవాళ్ళం. రోజూ రాత్రి భోజనానికి ముందు ప్రార్థన చేసేటప్పుడు మమ్మల్ని మోకరించమని, తను మాత్రం కుర్చీ వీపు పట్టుకుని నిలబడేది. పెద్దరికం అనుకున్నాం. బయటికి వెళ్ళేటప్పుడు అందరికన్నా చివర వచ్చేది. "మీరు నడవండమ్మా, నేను తలుపేసి వస్తా" అనేది. తాళం ఒకసారి వేసి, లాగి చూసి, మళ్ళీ తీసి వేసేది. మేం వీధి చివరికి వెళ్ళేదాకా ఆ తాళం పని తెమిలేది కాదు. జాగ్రత్త గల మనిషి అనుకున్నాం. ఒకే ఇంట్లో ఏడాది పాటు ఉండి, ఇద్దరు నర్సులం కలిసి, ఇన్ని తప్పులు అనుకున్నాం.

నేను ఫోటోగ్రఫీ క్లాసులో చేరటం కూడా అనుకోకుండా జరిగినదే. వార్డులో పేషంట్లు మాట్లాడే ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. దగ్గర్లోని మెయ్‌నూత్ ఊళ్ళో సాయంత్రం పూట ఇంగ్లీషు సంభాషణ నేర్పుతారని విని రైలెక్కి వెళ్ళాను. ఆ క్లాసు నిండిపోయింది. పూలు అమర్చటం, ఫోటోలు తీయటం, ఈ రెండిటిలోనే ఖాళీలు ఉన్నాయని అక్కడ కూర్చున్నావిడ చెప్పింది. పూలతో ఎక్కువ మాట్లాడే పని ఉండదని ఫోటోలు ఎంచుకున్నాను. మాస్టారు పేరు డెక్లన్. కుంకుడుకాయ రంగు స్వెట్టరు, మీసాల మీద టీ తడి. ఏం చూపించినా "గ్రాండ్" అనేవాడు, బాగుందనటానికి ఇక్కడివాళ్ళ మాట అది. కెమెరా కూడా ఆయనే అరువిచ్చాడు, రీలు వేసే పాతరకం, ఒక ఫోటో పడగానే రీలు దానంతటదే ముందుకి తిరిగేది. దానికి ఒక పొడుగాటి తీగ, తీగ చివర బొత్తాం. దూరంగా కూర్చుని ఆ బొత్తాం నొక్కితే ఫోటో పడుతుంది.

మూడో వారం ఆయన ఇంటిపని ఇచ్చాడు. నడుస్తున్న మనిషిని ఫోటో తియ్యాలి. మనిషి నడుస్తున్నట్టు ఆ కదలని కాగితం మీద తెలియాలి. దానికి ఉపాయం కూడా చెప్పాడు. కెమెరాని కదలకుండా పెట్టి, దాని కన్నుని అర సెకను తెరిచి ఉంచాలి. ఆ అర సెకనులో కదిలిందల్లా పొగలా చెదిరిపోతుంది, ఆగి ఉన్నది మాత్రం స్పష్టంగా పడుతుంది. మంచి ఫోటోలని కోర్సు చివర లైబ్రరీ గోడకి పెడతామన్నాడు. లైబ్రరీ గోడకెక్కాలని నాకు ఎక్కడలేని ఆశ పుట్టింది. ఇంట్లో నడిచే మనుషులు ముగ్గురున్నారు, ఇదేం పెద్ద పని అనుకున్నాను.

మనవాళ్ళ సంగతి అప్పటికి నాకు తెలియదు. అంటే మనవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఎప్పుడూ గమనించలేదు. ఆంటీని అడగ్గానే ఒప్పుకుంది. అరగంట తర్వాత పట్టుచీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని, హాల్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. చేతులు రెండూ పక్కలకి అతుక్కుపోయాయి. ఊపిరి బిగబట్టింది.

"నడవండి ఆంటీ" అన్నాను.

"నడుస్తన్నా గదమ్మా" అంది కదలకుండా, పెదవులు కూడా కదపకుండా.

"నిలబడ్డారు. అటు నుంచి ఇటు నడవాలి."

ఒక అడుగు వేసింది. నేను కెమెరా ఎత్తటం చూసి మళ్ళీ ఆగిపోయింది. "ఫోటో అంటే ఆగాల గదే పిల్లా. మా తెనాలి స్టూడియోలో కళ్ళు కూడా ఆర్పనిచ్చేవోళ్ళు కాదు. కదిలితే రీలు పాడైపోద్ది" అంది. ఆ సాయంత్రం ఆరు ఫోటోలు తీశాను. ఆరింటిలోనూ ఆవిడ పాస్‌పోర్టు ఆఫీసులో ఉన్నట్టు ఉంది.

పోనీ, తెలియకుండా తీద్దామని ఆదివారం మా తెలుగు ప్రార్థన జరిగే హాలు బయట కాపు కాశాను. వాన పడుతోంది. పాతికమంది చీరలు ఎత్తిపట్టుకుని, పిల్లల్ని లాక్కుంటూ కార్ల వైపు పరిగెత్తుతున్నారు. ఇంతకన్నా కదలిక ఐర్లండ్ మొత్తంలో దొరకదు. కెమెరా కంటికి ఆనించాను. ఎవరో ఒకాయన "ఫోటో, ఫోటో" అన్నాడు. అంతే, అందరూ వానలో ఆగిపోయారు. ఎవరూ చెప్పకుండానే రెండు వరసలయ్యారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. మొహాలు కనపడవని గొడుగులు ముడిచేశారు. జుట్లలోంచి నీళ్ళు కారుతుంటే, పాతికమందీ ఊపిరి బిగబట్టి నా వంక చూశారు. మర్యాదకి ఒక ఫోటో తీశాను. ఆ వారం మా వార్డులో నాకు ముగ్గురు తెలుగు నర్సుల తుమ్ములు వినిపించాయి. డెక్లన్ ఆ ఫోటోని వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత, వీళ్ళు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు అని అడిగాడు.

ఇక దొంగతనమే శరణ్యమైంది. మా వంటిల్లు పొడుగ్గా ఉండేది. ఒక చివర పొయ్యి, ఇంకో చివర కింది ప్రెస్. ఆ ప్రెస్‌లో కందిపప్పు సంచి మెత్తగా పరిచి దాని మీద కెమెరా పెట్టాను. తలుపు బెత్తెడు తెరిచి ఉంచి, ముందు బియ్యప్పిండి పొట్లాలు అడ్డం పెట్టాను. తీగ చివర బొత్తాం నా ఒళ్ళో, చపాతీ నా చేతిలో. ఒకటే చిక్కు. ఆ పాత కెమెరా నొక్కినప్పుడల్లా తలుపు వేసినంత చప్పుడయ్యేది. ఆంటీ చెవులు పాము చెవులు. అప్పుడు పొయ్యి మీది కుక్కర్ కూత వేసింది, నాకు దారి దొరికింది. కూత వచ్చినప్పుడే నొక్కాలి. పైగా కూత రాగానే మంట తగ్గించటానికి ఆంటీ ఎక్కడున్నా పొయ్యి దగ్గరకి నడుస్తుంది. చప్పుడుకి చప్పుడు, నడకకి నడక.

పప్పుకి మూడు కూతలే. రోజుకి మూడు ఫోటోలు సరిపోవు కాబట్టి నాలుగు రోజులు వరసగా పప్పే కావాలన్నాను. "ఏందమ్మా, పప్పు మీద ఇంత మోజు పుట్టింది? ఒంట్లో బాగానే ఉందా?" అని ఆంటీ విమల వంక అనుమానంగా చూసింది. నాలుగో రోజుకి విమల అన్నంలో పెరుగు తప్ప ఏమీ ముట్టలేదు. నేను మాత్రం పన్నెండు ఫోటోలతో మెయ్‌నూత్ రైలెక్కాను.

చీకటిగదిలో మందు నీళ్ళలోంచి ఒక్కొక్క కాగితం తేలుతుంటే డెక్లన్ మొదటిసారి "గ్రాండ్" కాకుండా ఇంకేదో మాట అన్నాడు. మెచ్చుకోలే అని తర్వాత తెలిసింది. పన్నెండింటినీ తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాం. ఆయన ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, మళ్ళీ ఇటు వచ్చి, గొంతు తగ్గించి, బాధపెడితే క్షమించాలి, ఈవిడకి ఒకటే కాలా అని అడిగాడు.

నవ్వబోయి ఆగాను. పన్నెండు ఫోటోల్లోనూ కుడి పాదం ఉంది. దాని చెప్పు మీది పువ్వు కూడా ఉంది. ఎడమ పాదం ఒక్కదాంట్లో కూడా లేదు. నడిచే మనిషి ఒక కాలు మీద ఉన్నంతసేపు రెండో కాలు మీదా ఉంటుంది. అలాంటప్పుడు పన్నెండులో ఐదారింటిలోనైనా ఎడమది పడాలి. పడలేదంటే ఆవిడ దాన్ని నేల మీద ఆననివ్వటం లేదు. తగిలీ తగలకముందే ఎత్తేస్తోంది. ప్రతి ఫోటోలోనూ గట్టు పట్టుకున్న చెయ్యి ఎందుకంత స్పష్టంగా ఉందో అప్పుడు అర్థమయింది. బరువంతా ఆ చేతి మీద ఉంది. నొప్పి ఉన్న కాలు మీద మనిషి నిలబడే సేపు తగ్గిపోతుందని నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఆ చదువు నాకు కెమెరా గుర్తు చెయ్యాల్సి వచ్చింది. తిరుగు రైల్లో ఆ పాట, ఆ తాళం, ఆ నీలగిరి తైలం ఒక్కొక్కటే గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి ఫోటోలు బల్ల మీద పరిచాను. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఈ దయ్యం ఎవరే?"

"మీరే ఆంటీ. మీ ఎడమ కాలు ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

"నాకేం నొప్పి? చలికి పట్టేసింది, అంతే." ఎలా తీశానో నాతో చెప్పించుకుని, ఫోటోలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "అయితే ఆ పప్పంతా ఇందుకా? ఉప్పు తిన్న ఇంట్లో పిండి పొట్లాల వెనకమాల కెమెరా పెట్టి దొంగ ఫోటోలు తీస్తావా నువ్వు?"

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం డబ్బా కట్టటం మాత్రం మానలేదు. అందులో పచ్చడి పెట్టలేదు. ఆవిడ కోపానికి అది కొలత. నాలుగో రోజు పొద్దున డబ్బా మూత తీస్తే గోంగూర కనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఆంటీ గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"రెండేళ్ళయింది శాంతీ" అంది. "తుంటి దగ్గర మొదలై మోకాలి దాకా పాకుద్ది. చెబితే ఏం జరుగుద్దో నాకు తెలుసు. కేరర్ అనేది బరువులెత్తాల. ఎత్తలేదంటే నన్ను కూర్చోబెడతారు. రోజూ ఇరవైమందిని కుర్చీల్లోంచి లేపుతా నేను. ఒకసారి కూర్చున్నోళ్ళు ఎట్టా అయిపోతారో నీకన్నా ఎక్కువ చూశా. నన్ను కూర్చోబెడితే లేపేదెవరు?"

నాకు భయమేసింది, ఆవిడ గురించి కాదు, నా గురించే. ఆవిడ కూర్చుంటే ఆ ఇంట్లో ఉదయం ఐదున్నర ఉండదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. జీపీ దగ్గరకి, అంటే మా పేట డాక్టరమ్మ దగ్గరకి, ఒకసారి వస్తుంది. డాక్టరమ్మ తన నడక చూసి బాగుందంటే నేను ఆ పన్నెండు ఫోటోలూ అక్కడికక్కడే ఆవిడ చేతికిచ్చెయ్యాలి, ఆవిడ చింపేస్తుంది, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. సరేనన్నాను. అంత నొప్పిని డాక్టరు కనిపెట్టకుండా ఎలా ఉంటుందని నా ధైర్యం.

ఆంటీ పట్టుచీర కట్టుకుని వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. డాక్టరమ్మ నడవమంది. ఆంటీ తల ఎత్తి, వెన్ను నిటారుగా పెట్టి, తలుపు నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా, పెళ్ళికూతురు పీటల మీదకి వస్తున్నట్టు నడిచింది. రెండు కాళ్ళూ సమానంగా పడ్డాయి. ఊపిరి బిగబట్టిందని నాకు ఒక్కదానికే తెలుసు. "నొప్పి ఉందా?" అంటే "నో పెయిన్, డాక్టర్" అంది. డాక్టరమ్మ సంతోషంగా "యు ఆర్ గ్రాండ్" అంది. ఆంటీ నా వైపు తిరిగి చెయ్యి చాచింది. ఇయ్యి, అని కళ్ళతోనే అడిగింది.

సంచిలోంచి ఫోటోలు తీశాను. తీసి, ఆ చాచిన చెయ్యి దాటించి, డాక్టరమ్మ బల్ల మీద పరిచాను. మాట తప్పటం అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు బాగా తెలిసింది. ఆంటీ మొహం చూడలేకపోయాను.

డాక్టరమ్మ పన్నెండు ఫోటోలూ వరసగా చూసింది. తర్వాత ఆంటీని మంచం మీద పడుకోబెట్టి, ఎడమ కాలు మడిచి నెమ్మదిగా పక్కకి తిప్పింది. తిప్పగానే ఆంటీ నోట్లోంచి పాట వచ్చింది. గొంతెత్తి, పల్లవి నుంచి. ఇంకొంచెం తిప్పితే చరణం అందుకుంది. డాక్టరమ్మ చెయ్యి ఆపి నా వంక చూసింది. "మెట్లెక్కేటప్పుడు కూడా పాడతారు" అన్నాను. పాట ఆగిపోయింది. ఆంటీ పైకప్పు వంక చూస్తూ పడుకుంది. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి. అప్పుడు మెల్లిగా "చలికి కాదులే" అంది.

ఎక్స్‌రేలో తుంటి కీలు అరిగిపోయి కనిపించింది. ఆపరేషన్ కోసం చాలా నెలలు ఎదురుచూడాల్సి వచ్చింది, అది వేరే కథ. ఆవిడ భయపడినట్టు ఎవరూ కూర్చోబెట్టలేదు. బరువులెత్తే పని తీసేసి, కొన్నాళ్ళు భోజనాల గది పని ఇచ్చారు. అక్కడ ముసలివాళ్ళకి పప్పు అలవాటు చేసింది. నా ఫోటో ఒకటి లైబ్రరీ గోడకెక్కింది. చూడటానికి ఆంటీ పట్టుచీరలో, చేతికర్రతో వచ్చింది. దాని ముందు నిలబడ్డవాళ్ళందరికీ "అది నేనే. కాలు కనపట్టంలా గానీ ఉంది" అని వచ్చినంత ఇంగ్లీషులో చెప్పింది. నేను ఆ ఫోటో పక్కన ఆవిణ్ణి ఫోటో తీయబోతే కర్ర వెనక దాచుకుని, చేతులు పక్కలకి అతికించి, ఊపిరి బిగబట్టింది. మిగిలిన పదకొండూ ఆపరేషన్ అయిన మర్నాడే అడిగి తీసుకుని, ఆసుపత్రి మంచం మీదే చింపింది. డాక్టరు బాగుందనే అన్నదిగా, మాట మాటేనంది.

ఇదంతా జోయెల్‌కి ఆ ఫోటో చూపిస్తూ చెప్పాను. వాడు సగం విన్నాడు. కదలికని పట్టుకోవటానికి కుక్కర్ కూత కోసం కాచుకోవటం ఏమిటో వాడికి ఎక్కలేదు. వాడి ఫోన్ ఒక్క సెకనులో ఇరవై ఫోటోలు తీస్తుంది. వాడూ వాడి స్నేహితులూ ఫోటో అనగానే ఎగురుతారు, మన తరం ఫోటో అనగానే ఆగినట్టు. ఆంటీ తన యాభై ఏళ్ళ జీవితంలో దిగిన ఫోటోలని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది. నా ఫోన్‌లో వేలున్నాయి. వాటిలో నేను నడుస్తున్నవి చాలానే ఉండాలి. బాగా పడలేదని నేను తీసేసినవి అవే. ఏ ఫోటో ఉంచాలో నేనే తేల్చుకునే రోజులొచ్చాయి, అందుకని నా గురించి నాకు తెలియనిది ఏ ఫోటో చెప్పటం లేదు. ఆంటీకి ఆ అవకాశం లేకపోయింది, పప్పు సంచి మీద కూర్చున్న కెమెరా ఆవిణ్ణి అడగకుండానే చెప్పేసింది.

ఆ ఫోటో తీసుకుని శనివారం అత్లోన్ వెళ్ళాను. ఆంటీ ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. స్టేషన్‌కి తనే వచ్చి తీసుకెళ్తానని ఫోన్‌లో పట్టుబట్టింది. రైలు దిగేసరికి ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చుని ఉంది, జుట్టంతా తెల్లగా, కర్ర ఒళ్ళో పెట్టుకుని. చేతిలో ఫోన్ ఎత్తి నా వైపు పట్టుకుంది. ఫోటో కాబోలనుకుని నేను ఉన్నచోటే ఆగి, చున్నీ సర్దుకుని, నవ్వి, ఊపిరి బిగబట్టాను. వెనక వస్తున్నాయన సూట్‌కేసుతో సహా నా వీపుకి గుద్దుకున్నాడు. తప్పు నాదే అయినా ఆయనే సారీ చెప్పాడు.

"ఆగమాకే, నడువు" అని అరిచింది ఆంటీ ఆ చివర నుంచి. "వీడియో."

నడిచాను. దగ్గరకి వెళ్ళి ఫోటో చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని ఒక్క చూపు చూసి "ఈ చెప్పులు బాగుండేవి" అని ఒళ్ళో పెట్టుకుంది. ఇంత దూరం తెచ్చినదానికి అంతేనా అనుకున్నాను. ఆవిడ చూపు ఫోన్ మీద ఉంది. ఇప్పుడే తీసిన వీడియో మొదటి నుంచి పెట్టి, మధ్యలో వేలితో ఆపింది. మళ్ళీ కొంచెం నడిపింది, మళ్ళీ ఆపింది. ముప్పై ఏళ్ళు మనుషుల్ని నడిపించిన మనిషి.

"శాంతీ, కుడి మోకాలేనా?"

"చలికి ఆంటీ" అన్నాను. అన్నాక వినపడింది నాకు.

ఆంటీ నవ్వలేదు. కర్ర ఊతంగా లేచి నిలబడింది. ఆ మాట అక్కడితో ఆగిపోతే చాలనుకుని బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. "మీరు నడవండి ఆంటీ, నేను వెనకాల వస్తా" అన్నాను.

ఆవిడ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. "ఆ మాట నాదే పిల్లా" అంది. "ఆ తాళం నేను రెండేళ్ళు వేశా. ముందు నువ్వు నడువు. వెనకమాల నుంచి నేను జూస్తా."

ఆవిడ ఫోన్ ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది. గేటు దాకా నూరు అడుగులు ఉంటుందేమో. వెన్ను నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టి నాలుగు అడుగులు వేశాను, పట్టుచీర లేని పెళ్ళికూతురిలా. ఐదో అడుగుకి ఊపిరి వదిలేశాను. కుంటుకుంటూ, నొప్పిగా ఉన్నచోట నొప్పిగా ఉన్నట్టే నడిచాను. వెనక నుంచి ఆంటీ పాట అందుకుంది, మెట్ల మీద పాడేదే, ఒక అడుగుకి ఒక ముక్క. నేను ఆగినచోట తనూ ఆగి పల్లవి రెండుసార్లు పాడింది.